ఎవాపో-రస్ట్ రివ్యూ: దొరకని పార్టుల తుప్పు వదిలించాలంటే

పాత కారు బాగుచేసుకునేవాళ్లకి ముందే చెప్పేస్తాను. మళ్లీ కొందామన్నా దొరకని చిన్న బ్రాకెట్లు, డోర్ కీళ్లు, స్ప్రింగులు, సన్న మరల (థ్రెడ్ల) బోల్టులు మీ దగ్గరుంటే వాటికి ఎవాపో-రస్ట్ కంటే నమ్మకమైనది నేనింతవరకు వాడలేదు. ఫెండర్ లాంటి పెద్ద రేకులకి మాత్రం దీన్ని కొనకండి, ఎందుకో కింద చెప్తాను.

ఇది యాసిడ్ కాదు, నీళ్లలాంటి ద్రవం, ఘాటు వాసన ఉండదు. ఇందులోని రసాయనం తుప్పులో ఉన్న ఇనుముని పట్టుకుని ద్రవంలోకి లాగేస్తుంది, కింద ఉన్న మంచి ఉక్కు జోలికి పోదు. యాసిడ్ అలా కాదు, తుప్పుతో పాటు ఉక్కునీ తింటుంది, అప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి తీసిన స్ప్రింగో, హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే గట్టి ఉక్కు) బోల్టో పైకి తళతళలాడుతూనే ఉండి, తర్వాత బరువు పడ్డప్పుడు పుటుక్కున విరగొచ్చు. బ్రేకు బోల్టులు, సస్పెన్షన్ బోల్టులు దయచేసి యాసిడ్‌లో వేయకండి. ఇక్కడ ప్రాణాల సంగతి.

వాడటం తేలికే కానీ తొందరపడితే పని చెడుతుంది. ముందు గ్రీజు, నూనె పూర్తిగా పోవాలి, జిడ్డున్న చోట ద్రవం తుప్పుని తాకదు, పెయింటు కింద దాక్కున్న తుప్పూ అంతే. పొరలు పొరలుగా లేచిన తుప్పుని వైర్ బ్రష్‌తో ముందే రాలగొడితే ద్రవం ఆదా అవుతుంది. పార్టు మొత్తం మునగాలి, సగం బయట ఉంటే ద్రవం మట్టం దగ్గర గీత పడి ఉండిపోతుంది. చలిలో పని బాగా నెమ్మదిస్తుంది కాబట్టి గది వెచ్చగా ఉండాలి. తేలికపాటి తుప్పు కొన్ని గంటల్లో, ముదిరినది రాత్రంతా నానితే పోతుంది. గట్టి ఉక్కు మీద నల్లటి మసి మిగిలితే కంగారు పడొద్దు, అది కార్బన్, బ్రష్‌తో రుద్దితే పోతుంది. ద్రవం నల్లబడినా పారబోయకండి, పని చేసినంతకాలం వాడుకోవచ్చు.

అసలు టెన్షన్ బయటికి తీశాకే. శుభ్రమైన ఉక్కు తడిగా ఉంటే కళ్లముందే మళ్లీ పసుపురంగు పొర కట్టేస్తుంది, అందుకే కడిగిన వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, అప్పటికప్పుడు నూనె పూయాలి, పెయింటు వేసేదైతే ప్రైమర్ కొట్టాలి.

ఖర్చు ఎక్కువ అనేవాళ్లకి నిమ్మ ఉప్పు ఉంది. లీటరు నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు కలిపితే చాలు, మందపాటి మామూలు బ్రాకెట్లకి అద్భుతంగా పనిచేస్తుంది. అదీ యాసిడ్డే కనుక మధ్యమధ్యలో చూస్తూ, తుప్పు పోగానే తీసి వంటసోడా నీళ్లలో కడగాలి, అల్యూమినియం, జింక్ పూత ఉన్నవి అందులో వేయకూడదు.

ఇక పెద్ద రేకులు. వాటిని ముంచేంత తొట్టి ఎవరిదగ్గరుంటుంది? నిలువు రేకు మీద ఎవాపో-రస్ట్ కారిపోయి ఆరిపోతుంది, ఆరితే పని ఆగిపోతుంది. అక్కడ ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ మేలు, అతుక్కుని ఉంటుంది, తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. తుప్పు మీదే పూసి నల్లగా మార్చే టానిన్ కన్వర్టర్లు చాసిస్ లోపలి మూలలకి పర్వాలేదు కానీ మరల మీద, ఒకదానికొకటి ఆనే ముఖాల మీద పూయకండి, ఆ పొర మందానికి పార్టు సరిగ్గా కూర్చోదు.

చిన్న పార్టులకి ఎవాపో-రస్ట్‌కి 5కి 5 ఇస్తాను. బాడీ రేకులకి 2.