విశాఖ సముద్రమట్టం, ఎల్‌నినో: సంబంధం కొలవడానికి డీసీసీఏ మేలా, వేవ్‌లెట్ కోహెరెన్స్ మేలా?

ఎల్‌నినోతో సంబంధం వెతికే ముందు ఒక జాగ్రత్త. విశాఖపట్నంలో నమోదైన నెలవారీ సముద్రమట్టాన్నీ, నగరంలో కురిసిన వర్షపాతాన్నీ తీసుకుని, రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే పియర్సన్ సహసంబంధ గుణకం లెక్కిస్తే చెప్పుకోదగ్గ ధన సంబంధమే కనిపిస్తుంది. అయితే అందులో అధిక భాగం ఋతుచక్రం పుణ్యమే. ఇక్కడ సముద్రమట్టం మార్చి ప్రాంతంలో బాగా తగ్గి, అక్టోబరు, నవంబరు నెలల్లో గరిష్ఠానికి చేరుతుంది. వానలు కూడా వేసవి మొదట్లో అరుదై, అక్టోబరు నాటికి జోరందుకుంటాయి. కనుక ఏ పద్ధతి వాడినా, ప్రతి నెల విలువ నుంచి ఆ నెల దీర్ఘకాలిక సగటును ముందుగా తీసివేయాలి.

ఎల్‌నినో 2 నుంచి 7 ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి, సముద్రమట్టంతో దాని సంబంధాన్ని ఏ కాలమానంలో చూస్తున్నామన్నదే అసలు ప్రశ్న. పోడోబ్నిక్, స్టాన్లీ 2008లో ప్రతిపాదించిన డీసీసీఏ (డీట్రెండెడ్ క్రాస్-కోరిలేషన్ అనాలిసిస్, అంటే ధోరణి తొలగించి సంబంధం కొలిచే) పద్ధతిలో రెండు శ్రేణుల సంచిత మొత్తాలను సమాన నిడివి గల గవాక్షాలుగా (కాలఖండాలుగా) విడగొట్టి, ప్రతి గవాక్షంలో స్థానిక ధోరణిని తొలగించి, మిగిలిన ఒడుదొడుకుల సహవిచరణను (అవి కలిసి మారే తీరును) లెక్కిస్తారు. 2011లో జెబెండె దాన్ని −1కీ 1కీ మధ్య ఉండే గుణకంగా మలిచాడు. నలభై ఏళ్ల దత్తాంశం అంటే 480 నెలలు. గవాక్షం అందులో నాలుగో వంతు, అంటే 120 నెలలు, మించకుండా చూసుకోవడం మంచిది. ఈ గుణకం వ్యాఖ్యానానికి సులువు, నెమ్మదిగా పెరిగే సముద్రమట్టపు ధోరణికి తేలిగ్గా మోసపోదు. కానీ పెద్ద గవాక్షంలో చిన్న కాలమానాల ఒడుదొడుకులూ కలిసిపోతాయి. పైగా భూమధ్యరేఖ దగ్గరి గాలుల ప్రభావం తీరం వెంబడి సాగే అలలుగా ఇక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని డీసీసీఏ తనంతట తాను చూపదు, ఒక శ్రేణిని నెలనెలా జరిపి మళ్లీ లెక్కించుకోవాలి.

రెండు శ్రేణులు ఎప్పుడు, ఏ కాలమానంలో కలిసి మారాయో రంగుల పటంగా చూపే వేవ్‌లెట్ కోహెరెన్స్ ఆ ఆలస్యాన్ని దశాబాణాలతో (ఏ శ్రేణి ఎంత ముందుందో సూచించే బాణాలతో) చూపడమే కాక, సంబంధం ఏ దశాబ్దంలో బలపడిందో, ఎప్పుడు సడలిందో కూడా చూపుతుంది. అందుకు మూల్యం ఉంది. కాలంలోనూ స్కేలులోనూ (కాలమానంలోనూ) నునుపు చేయకపోతే, అంటే పక్కపక్క విలువలను సగటు చేయకపోతే, కోహెరెన్స్ అన్నిచోట్లా 1 అవుతుంది. ఆ నునుపు ఎంత అన్నది విశ్లేషకుడి చేతిలోనే ఉంటుంది. అంతకన్నా కష్టమైనది అంచుల సమస్య: ఇందుకు వాడే చిన్న తరంగరూపమైన మోర్లె వేవ్‌లెట్‌తో 7 ఏళ్ల కాలావధిని చూస్తే రెండు కొసల్లోనూ సుమారు పదేళ్ల చొప్పున విశ్వసనీయత పోతుంది, నలభై ఏళ్లలో నడిమి ఇరవై మాత్రమే మిగులుతాయి. ఆ ఇరవై ఏళ్లలో అలాంటి చక్రాలు మూడు కూడా పట్టవు.

అందుకే నలభై ఏళ్ల లోపు దత్తాంశంతో పనిచేసే పరిశోధక విద్యార్థికి నేను డీసీసీఏనే సూచిస్తాను. ఖాళీలు తక్కువగా ఉన్న అరవై, డెబ్బై ఏళ్ల శ్రేణి చేతిలో ఉండి, సంబంధం ఎప్పుడు మారిందన్నదే ప్రశ్న అయితే వేవ్‌లెట్‌కు తిరుగులేదు. అప్పుడు కూడా ఎర్ర రవం (నెమ్మదిగా మారే యాదృచ్ఛిక ఒడుదొడుకుల) నమూనాతో మాంటెకార్లో పరీక్ష చేయకుండా, అంటే అలాంటి కృత్రిమ శ్రేణులెన్నో సృష్టించి పోల్చకుండా, రంగుల పటంలో ముదురుగా కనిపించిన ప్రతి మచ్చనూ నిజమైన సంబంధంగా రాయకూడదు.