గణపురం నుంచి లక్నవరం: ఆరు చలికాలాలు నడిచాక

తెలంగాణలోని భూపాలపల్లి జిల్లా గణపురంలో, కోటగుళ్లు అనే పాత గుళ్ల దగ్గర బయలుదేరి, రామప్ప గుడి ఉన్న పాలంపేట మీదుగా ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు చేరే దారిని ఆరేళ్లుగా ప్రతి చలికాలం నడుస్తున్నాను. బండి మీద ఒక్క పూటలో చుట్టేయగల దూరానికి మూడు రోజులు తీసుకుంటాను. దారిలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న: "బండి చెడిపోయిందా బిడ్డా?" కాదంటే నమ్మరు, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు.

ఈ దారి గొప్పతనం చెరువుల్లో ఉంది. గణపసముద్రం, రామప్ప, లక్నవరం మూడూ కాకతీయుల కాలపు చెరువులే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. నల్లరాతి మదనికలను, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాలను చూసి, ఫొటోలు తీసుకుని, చాలామంది చెరువు కట్ట ఎక్కకుండానే వెళ్లిపోతారు. నాకు అది బాధగా ఉంటుంది. పొద్దున్నే కట్ట మీద నిలబడితే గుట్టల మధ్య ఆగిన నీరు ఒక పక్క, ఆ నీటితో పండే వరి పొలాలు మరో పక్క కనిపిస్తాయి. తూము నుంచి కాలువ గట్టు పట్టుకుని రెండు గంటలు నడిచాకే, గుడినీ చెరువునీ పక్కపక్కనే ఎందుకు కట్టారో నాకు అర్థమైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండో రోజు చాలాసేపు తారు రోడ్డే, నీడ తక్కువ. నడిచేవారికి దారి చూపే బోర్డులు లేవు. ఫోనులోని పటాన్ని నమ్మి ఒకసారి పత్తి చేలో చిక్కుకుని, గంటసేపు వెనక్కి నడిచాను. అప్పటి నుంచి కాపరులనే అడుగుతున్నాను. అడవిలోకి అడ్డదారులు తొక్కకండి. మూడు లీటర్ల నీళ్లు, కుక్కలకు భయపడేవారైతే ఒక చేతికర్ర తప్పనిసరి. వానాకాలం వద్దు, నల్లరేగడి చెప్పును వదలదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చివర్లో వెళితే మోదుగ పూలు, కళ్లాల్లో ఆరబోసిన మిర్చి కూడా చూడొచ్చు. లక్నవరంలో అందరూ వేలాడే వంతెన వైపు వెళతారు. నేను ముందు చెరువు నిండితే నీరు పొర్లిపోయే మత్తడి దగ్గరికి వెళ్లి, బూట్లు విప్పి కూర్చుంటాను.