గుర్రం కొనేముందు వెంట్రుకల టెస్ట్: 4 స్టార్లు ఇస్తున్నా

మేముండేది టెక్సాస్‌లో, మా పాప కోసం ఒక క్వార్టర్ హార్స్ (అమెరికన్ జాతి గుర్రం) చూశాం, బొమ్మలా ఉంది, అమ్మేవాడేమో పేపర్లన్నీ క్లీన్ అన్నాడు. కానీ పెడిగ్రీలో, అంటే వంశవృక్షంలో, ఇంప్రెసివ్ అనే గుర్రం పేరు కనపడింది. 1969లో పుట్టిన ఆ గుర్రం సంతానంలోనే హెచ్‌వైపీపీ అనే జన్యు జబ్బు నడుస్తోంది, రక్తంలో పొటాషియం పెరిగిపోయి కండరాలు వణికి ఒక్కోసారి గుర్రం కుప్పకూలిపోద్ది. పెళ్లికి ఏడు తరాలు చూసేవాళ్లం, దీనికి చూడమా అని ప్యానెల్ టెస్ట్‌కి, అంటే కొన్ని జన్యు జబ్బుల్ని ఒకేసారి చూసే డీఎన్‌ఏ టెస్ట్‌కి, వెంట్రుకలు పంపాం.

జూలులోంచి ఓ ముప్పై వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకాలి, కత్తిరిస్తే పనికిరాదు. నేను పీకినవి సగం తెగిపోయాయి, మా పాప వేలికి చుట్టుకుని ఒక్క లాగు లాగింది, కుదుళ్లు తెల్లగా చిన్న చుక్కల్లా వచ్చాయి.

హెచ్‌వైపీపీ లేదు, హమ్మయ్య అనుకునేలోపు పీఎస్‌ఎస్‌ఎమ్1 అనే కండరాల జబ్బు జన్యువు ఒక కాపీ ఉందని తేలింది. హెర్డా అనే చర్మ జబ్బు అయితే ఒక కాపీ ఉన్నా గుర్రానికి ఏం కాదు, ఇది అలా కాదు, ఒక్కటున్నా కండరాలు బిగుసుకుపోవచ్చు. తిండి, ఎక్సర్‌సైజ్‌తో మేనేజ్ చేసేవాళ్లున్నారు గానీ మొదటి గుర్రానికే ఆ తలనొప్పి ఎందుకని వదిలేశాం. పాప రెండ్రోజులు మాట్లాడలా.

స్టార్ ఎందుకు తగ్గించానంటే రిపోర్ట్ నిండా ఎన్ బై ఎన్ (ఆ జబ్బు జన్యువు లేదని అర్థం) లాంటి అక్షరాలే, వెట్‌కి ఫోన్ చేస్తే గానీ అర్థం కాలేదు.