ఓబీడీ స్కానర్, నాలుగేళ్ల వాడకం తర్వాత: కోడ్‌ల కోసం కొన్నాను, ఆర్‌పీఎం అంకె కోసం దాచుకున్నాను

బానెట్ మూసి, చేతులు తుడుచుకుని తాళం తిప్పాను. సెల్ఫ్ హుషారుగా తిరిగింది. ఇంజన్ మాత్రం అందుకోలేదు. క్లచ్ ప్లేట్ మార్చడానికి గేర్‌బాక్స్ దించి, రెండు రోజులు కారు కింద పడుకుని, మళ్లీ ఎక్కించిన సాయంత్రం అది. పని మొదలుపెట్టే ముందు తాళం ఇలా తిప్పితే అలా అందుకున్న ఇంజనే. క్లచ్ మారిస్తే ఇంజన్‌కి ఏమొచ్చిందని అరగంట కారు చుట్టూ తిరిగి, ఇక లాభం లేదని ఆ రాత్రే ఈ స్కానర్ ఆర్డర్ పెట్టాను.

వస్తువు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈఎల్‌ఎం327 రకం చిప్‌తో పనిచేసే చవక బ్లూటూత్ స్కానర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే ఈసీయూతో, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి కారు తన జబ్బు తానే కనిపెట్టి చెప్పే ఈ ఓబీడీ పద్ధతి తప్పనిసరి అయింది. అంతకంటే పాత కారైతే కొనే ముందు సాకెట్ ఉందో లేదో వంగి చూసుకోండి.

స్కానర్ వచ్చాక గుచ్చి చూస్తే కోడ్‌లు, అంటే తప్పు పట్టినప్పుడు ఈసీయూ రాసిపెట్టుకునే గుర్తులు, సున్నా. డబ్బులు దండగ అనుకున్నాను. ఊరికే లైవ్ డేటా తెరిచి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించాను. ఇంజన్ తిరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది, తెర మీద మాత్రం ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 0. సెల్ఫ్ తిప్పేటప్పుడు మామూలుగా 150 నుంచి 250 మధ్య కనిపించాలి. అంటే ఇంజన్ తిరుగుతున్న సంగతి ఈసీయూకి తెలియనే తెలియదు. ఆ కబురు చేరవేసేది పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు దగ్గరుండే క్రాంక్ సెన్సార్. అది నోరు విప్పకపోతే ఈసీయూ ప్లగ్గులకు స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్లు తెరవదు, తాళం ఆన్ చేసినప్పుడు రెండు క్షణాలు తిరిగిన ఫ్యూయల్ పంప్‌ని మళ్లీ తిప్పదు. విడివిడిగా వెతికితే మూడు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ తెగింది ఒక్కటే. మా కారులో ఆ సెన్సార్ గేర్‌బాక్స్ దగ్గరే ఉంటుంది. దాని వైరు కప్లర్ పీకింది నేనే, మళ్లీ పెట్టడం మర్చిపోయిందీ నేనే. గేర్‌బాక్స్ వెనక వేలాడుతూ దొరికింది. టక్కున పెట్టి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు అందుకుంది.

మరి కోడ్ ఎందుకు పడలేదు? అసలు తిరగని ఇంజన్‌లో తప్పేం పట్టుకోవాలి అన్నట్టుంది ఈసీయూ వరస. కొన్ని కార్లలో మాత్రం పలుసార్లు సెల్ఫ్ కొట్టాక క్రాంక్ సెన్సార్ కోడ్ పీ0335 పడుతుంది. ఆ రోజు నుంచి కోడ్‌ల పేజీ కంటే ముందు ఆర్‌పీఎం పేజీ తెరవడం అలవాటైంది. ఇక్కడొక జాగ్రత్త. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ పడి, ఈ చవక స్కానర్లు ఒక్కోసారి కనెక్షన్ వదిలేస్తాయి. అప్పుడు కనిపించేది దొంగ సున్నా. డాష్‌బోర్డులో ఆర్‌పీఎం ముల్లు కూడా కదలడం లేదేమో చూసుకుని గానీ సెన్సార్ జోలికి వెళ్లకండి.

రెండో అనుభవం మా బావమరిది కారుతో. హెడ్ గాస్కెట్ మార్పించుకుని తెచ్చుకున్నాడు. మర్నాడు సెల్ఫ్ మూలుగుతూ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. బ్యాటరీ పోయిందన్నారట, కొత్తది వేయించాడు. అయినా అదే మూలుగు. "బావా, మీ పరికరం ఒకసారి తీసుకురండి" అని ఫోన్ చేశాడు.

ఆ రోజు పనికొచ్చింది వోల్టేజ్ అంకె. తాళం ఆన్ చేస్తే 12.5 చూపించింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 11.6 దగ్గరే ఆగిపోయింది. నీరసపడ్డ బ్యాటరీ అయితే 9.6 కంటే కిందికి జారిపోవాలి. ఇక్కడ బ్యాటరీ నిబ్బరంగానే ఉంది, సెల్ఫ్ మోటార్‌కి మాత్రం సరిపడా కరెంటు అందడం లేదు. అంటే దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టు. అక్కడితో స్కానర్ పని అయిపోయింది, మల్టీమీటర్ తీశాను. ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే రెండు వోల్టులు దాటింది. అర వోల్టు లోపే ఉండాల్సింది. ఇంజన్ ఎర్త్ పట్టీ బోల్టు చేతితో తిప్పి వదిలేశారు, పానా పెట్టనేలేదు. బిగించడానికి నిమిషం పట్టింది. ఇలాంటప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టకూడదు. ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లాంటి సన్నటి వాటిలోంచి దారి వెతుక్కుంటుంది, అవి కాలేంత వేడెక్కుతాయి.

కోడ్ నిజం చెప్పిన సందర్భం కూడా ఒకటి ఉంది. థర్మోస్టాట్ మార్చిన మర్నాటి పొద్దున ఎంత కొట్టినా ఇంజన్ అందుకోలేదు, ప్లగ్గులు విప్పితే పెట్రోల్‌తో తడిసి ముద్దగా ఉన్నాయి. కోడ్ పీ0118. లైవ్ డేటాలో కూలెంట్ వేడి -40 డిగ్రీలు! సెన్సార్ వైరు తెగితే చూపించే అంకె అది. కొన్ని కార్లలో ఈసీయూ దాన్ని నమ్మకుండా తన దగ్గరున్న ఒక ఊహ అంకెతో బండి నడిపించేస్తుంది. మాది నమ్మేసి, పాపం మంచులో ఉన్నామనుకుని పెట్రోల్ కుమ్మరించింది. వైరు అతికి, ప్లగ్గులు ఆరబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే అందుకుంది. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా తొక్కిపడితే ఇంజెక్టర్లు ఆగిపోయి, లోపల నిండిన పెట్రోల్ బయటికి పోతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి. ఇప్పుడు ఎవరి కారు చూసినా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇక నన్ను నేనే తిట్టుకున్న కథ. క్రాంక్‌ని, వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసుని కలిపి తిప్పే టైమింగ్ బెల్ట్ మార్చాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు, అప్పుడప్పుడు ఇన్‌టేక్‌లోంచి తుమ్మినట్టు చప్పుడు. ఆర్‌పీఎం 200 పైనే వస్తోంది. వోల్టేజ్ బాగుంది. ఒకే ఒక్క కోడ్, పీ0016. క్రాంక్ సిగ్నల్‌కి, క్యామ్ సిగ్నల్‌కి పొంతన కుదరడం లేదని దాని అర్థం. అంతవరకే దాని అర్థం. నేను మాత్రం "క్యామ్" అన్న ముక్క పట్టుకుని క్యామ్ సెన్సార్ కొనుక్కొచ్చాను. మార్చాను. కోడ్ చెరిపాను. మళ్లీ అదే కోడ్. వైరింగ్ అంతా వెతికాను. ఒక ఆదివారం మొత్తం పోయింది. అసలు టెన్షన్ ఏంటంటే, బెల్ట్ నేనే వేశాను కాబట్టి బెల్ట్ తప్పు కాదని మనసు ముందే తీర్పు చెప్పేసింది.

చివరికి ఒక పెద్దాయన, కార్ల మీదే జీవితం గడిపిన మనిషి, ఫోన్‌లో అడిగిన మాట ఒక్కటే: "సెన్సార్ సంగతి తర్వాత, మార్కులు మళ్లీ చూశావా బాబూ?" కవర్ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పి చూస్తే క్యామ్ మార్కు (బెల్ట్ సరిగ్గా కూర్చుందో లేదో చూపే గీత) రెండు పళ్లు తప్పింది. బెల్ట్‌ని బిగపట్టే టెన్షనర్ వదిలేటప్పుడు జారి ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, బెల్ట్ వేశాక క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూడాలి. నేను ఆ పని చేయకుండానే కవర్ బిగించేశాను. పిస్టన్లకు వాల్వులు తగిలే రకం ఇంజన్లు చాలా ఉన్నాయి, వాటిలో ఇంకో నాలుగు పళ్లు తప్పి ఉంటే వాల్వులు వంగేవి. బతికిపోయాను. విప్పేసిన పాత క్యామ్ సెన్సార్ ఇంకా డబ్బాలోనే ఉంది.

తిట్లు కూడా కొన్ని ఉన్నాయి. సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి స్కానర్ గుచ్చి మర్చిపోతే అది నిద్రపోదు, తాగుతూనే ఉంటుంది. మూడు వారాలు ఊరెళ్లి వచ్చేసరికి నా బ్యాటరీ చచ్చి ఉంది. అంకెలు క్షణానికి రెండు మూడుసార్లకు మించి మారవు, కాబట్టి రెప్పపాటులో వచ్చిపోయే తేడాలు చిక్కవు. కోడ్‌లు చెరిపే బటన్ యాప్‌లో మరీ చేతికి అందేలా పెట్టారు. నొక్కామంటే కోడ్‌తో పాటు, తప్పు జరిగిన క్షణంలో ఈసీయూ దాచిపెట్టిన అంకెలూ పోతాయి. చెరిపే ముందు తెరకు ఒక ఫొటో తీసుకోండి.

ఇది చూడలేనివి కూడా చెప్పాలి. మా కారులో ఫ్యూయల్ ప్రెషర్ చూపించదు. స్పార్క్ నిజంగా పడుతోందో లేదో చెప్పదు. కంప్రెషన్‌కి గేజ్ పెట్టాల్సిందే. ఇంజన్ అందుకుని ఒకటి రెండు క్షణాల్లో ఆగిపోతూ, డాష్‌బోర్డులో తాళం బొమ్మ మెరుస్తూ ఉంటే అది ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ని ఆపేసే ఏర్పాటు) గొడవ కావచ్చు. ఆ విషయంలో ఈ స్కానర్ మూగది.

నాలుగేళ్లలో ప్లాస్టిక్ డొప్ప ఒకసారి ఊడింది, గమ్ పెట్టి అతికించాను. మళ్లీ కొనాల్సి వస్తే సెల్ఫ్ కొట్టేటప్పుడు కనెక్షన్ తెగిపోని, వైరుతో వచ్చే రకం తీసుకుంటాను. యాప్‌లో రంగురంగుల మీటర్లు, గ్రాఫులు నేనెప్పుడూ వాడలేదు. మల్టీమీటర్ లేనివాళ్లు ముందు అది కొనుక్కోండి, దీని సంగతి తర్వాత. 5కి మూడున్నర ఇస్తున్నాను. తప్పు నాదే అయినా, ఒక అర మార్కు ఆ క్యామ్ సెన్సార్ ఖాతాలో కోసేశాను.