చిల్లర్, ఫ్యాన్, ఏసీ: చెన్నై ఇంట్లో పగడాల తొట్టికి ఏది మేలు?

చెన్నైలోనూ బెంగళూరులోనూ ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టాలనుకునే మనవాళ్ళు ముందు అడిగేది నీళ్ళు చల్లగా ఉంచడం గురించి: చిల్లర్ (నీటిని చల్లబరిచే మిషను) కొనాలా, ఫ్యాన్ సరిపోతుందా, ఏసీ పెట్టాలా అని. తొట్టి నిలదొక్కుకున్నాక, కొన్ని నెలలకు, పగడం ఎముక కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల బలం) ఎలా ఇవ్వాలని మళ్ళీ అడుగుతారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు అనుకోవడం దగ్గరే డబ్బు వృథా అవుతోంది. మనం ఎంచుకున్న చల్లదనాన్ని బట్టే తొట్టిలోంచి రోజుకు ఎంత నీరు ఆవిరవుతుందో, ఆ గదిలో గాలి ఎలా ఉంటుందో తేలుతుంది. సున్నపు తేట (సున్నం కలిపి తేర్చిన నీళ్ళు) సరిపోతుందా, డోసింగ్ పంపులు (ద్రావణాలను కొలిచి పోసే చిన్న పంపులు) కొనాలా అన్నది ఆ రెండిటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కలిపి తూచి చూద్దాం. లెక్కల కోసం సంప్‌తో (పంపులు, ఫిల్టర్లు ఉండే కింది తొట్టి) సహా 800 లీటర్ల నీళ్ళున్న తొట్టి అనుకుందాం.

నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే పగడాలకు హాయి. చెన్నైలో అయితే 27 దగ్గర పెట్టమంటాను. 25కి దించాలని పంతం పడితే కరెంటు బిల్లు పెరగడమే తప్ప పగడానికి ఒరిగేదేమీ లేదు. 30 దాటి రోజుల తరబడి నిలిస్తే మాత్రం ప్రమాదం. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచే దానికి అన్నం పెట్టేది. వేడి ఎక్కువైతే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లబారిపోతుంది. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలో 2010లోనూ 2016లోనూ వేసవిలో జరిగింది ఇదే. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 30 దగ్గర 6.2కి దిగుతుంది. సరిగ్గా అప్పుడే చేపల ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి.

ఇక ఫ్యాను సంగతి. సంప్ మీద, తొట్టి మీద చిన్న ఫ్యాన్లు ఏటవాలుగా గాలి కొడితే నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల వేడి పోయినట్టు. రోజుకు 10 లీటర్లంటే రేయింబవళ్ళు 280 వాట్ల వేడిని తోడి పారేసినట్టు లెక్క. అందుకు ఫ్యాన్లు తినే కరెంటు ఏ 20 వాట్లో. ఇంత చవకైన చల్లదనం ఇంకోటి లేదు.

బెంగళూరు మారతహళ్ళిలో ఉన్న మా బావ ఫోనులో ఎప్పుడూ ఇదే అంటాడు. "రెండు ఫ్యాన్లు పెట్టుకోరా, చిల్లర్ దండగ." "మీ ఊళ్ళో గాలి పొడి బావా, మాది ఉక్క" అంటాను నేను. ఇద్దరి మాటా నిజమే, ఎవరి ఊళ్ళో వారిది. ఏ ఊళ్ళో ఫ్యాను ఎంత వరకు దించగలదో తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. మామూలు థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి, తొట్టి పక్కన ఫ్యాను గాలికి పది నిమిషాలు ఉంచండి. అంకె దిగి ఒకచోట ఆగిపోతుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా తొట్టి నీళ్ళు ఆ అంకె కిందికి పోవు. పంపులు, లైట్ల వేడి ఉంటుంది కాబట్టి నిజానికి దానికి ఒకటి రెండు డిగ్రీల పైనే ఆగుతాయి.

బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నం బయట 34 డిగ్రీలున్నా, గాలిలో తేమ 30 శాతమే ఉంటే తడి గుడ్డ 21 దగ్గర ఆగుతుంది. తొట్టిని 26లో నిలపడం అక్కడ ఏమాత్రం కష్టం కాదు. చెన్నైలో రోహిణి కార్తె సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక, 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నప్పుడు అదే గుడ్డ 28 దగ్గర ఆగిపోతుంది. అంటే ఫ్యాన్లతో తొట్టి 29, 30 దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. ఎండ 36 ఉన్న మధ్యాహ్నం కూడా, తేమ సగానికి పైనుంటే, అంకె పెద్దగా మారదు. చెన్నైలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాన్లు చక్కగా పనికొస్తాయి. మేలో వాటినే నమ్ముకుంటే పగడాలు నిలవవు.

ఫ్యానుకు ఇంకో ఖర్చు ఉంది: నీళ్ళు. ఆవిరయ్యేది మంచినీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 800 లీటర్లలో 10 లీటర్లు పోతే ఉప్పదనం (వెయ్యి పాళ్ళ నీటిలో ఉప్పు పాళ్ళు) 35 నుంచి 35.4కి ఎక్కుతుంది, అదీ ఒక్క రోజులో. కాబట్టి ఆవిరైనంత మంచినీరు ఎప్పటికప్పుడు తానే పోసుకునే ఆటో టాప్ ఆఫ్ తప్పనిసరి. ఆ నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) సున్నా ఉండాలి. చెన్నైలో చాలా వీధుల్లో బోరు నీళ్ళ టీడీఎస్ వెయ్యి దాటుతుంది. ఇంట్లో తాగే ఆర్‌వో మిషను నీళ్ళు సరిపోవు, ఎందుకంటే రుచి కోసం అందులో కొంత పచ్చి నీరు కలుపుతారు. ఆ కలిపే వాల్వు మూసి, చివర, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించాలి. పైగా ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు కాలువ పాలవుతాయి. 2019 జూన్‌లో చెన్నై, 2024 వేసవిలో బెంగళూరు నీటికి ఎలా అల్లాడాయో చూసినవాళ్ళం, ఆ నీళ్ళను బాత్రూములు కడగడానికైనా పట్టి ఉంచుకోవాలి.

చిల్లర్ విషయానికొస్తే, తేమతో దానికి పనిలేదు. 27 పెడితే 27లో నిలబెడుతుంది. చెన్నై హాల్లో 800 లీటర్లకు అర హార్స్‌పవర్ చిల్లర్ సరిపోతుంది. చాలామంది దాన్ని తొట్టి కింద అల్మరాలోనే ఇరికిస్తారు. అక్కడే గొడవ మొదలవుతుంది. నీటిలోంచి లాగిన వేడి, అది తాగిన కరెంటు వేడి, మొత్తం ఆ వెనక జాలీలోంచే బయటికొస్తుంది. అర హార్స్‌పవర్ మిషను నడుస్తున్నంతసేపూ హాల్లో ఇస్త్రీపెట్టె వేసి వదిలేసినట్టే. గది వేడెక్కుతుంది, తొట్టి మళ్ళీ వేడెక్కుతుంది, చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. నీడపట్టున ఉన్న బాల్కనీలోకో, యుటిలిటీ ఏరియాలోకో తరలించి, గొట్టాలకు నల్ల ఫోమ్ తొడిగితే అదే మిషను తక్కువ సేపే నడుస్తుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ఇంకో జాగ్రత్త: ఉప్పు గాలికి వెనక రేకులు తెల్లగా పొడిబారి మూసుకుపోతాయి. నెలకోసారి పెయింట్ బ్రష్షుతో మెల్లగా దులపాలి. లోపల నీరు తగిలే గొట్టం చుట్ట టైటానియందే అయి ఉండాలి, ఉప్పునీటికి ఇంకేదీ పనికిరాదు.

ఏసీ మూడో దారి. చదువుకునే గదిలోనో, పడకగదిలోనో తొట్టి ఉంటే గదినే 25 దగ్గర పెట్టేస్తే, తొట్టి దానికి ఒకటి ఒకటిన్నర డిగ్రీల పైన నిలబడుతుంది. ఏసీ గాలిలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి ఆ గదిలో చిన్న ఫ్యాను మళ్ళీ పనిలోకొస్తుంది. చెన్నైలో ఫ్యానుకు బెంగళూరు గాలి దొరికేది ఏసీ గదిలోనే. అయితే మూసిన గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, స్ప్లిట్ ఏసీ అదే గాలిని తిప్పుతూ ఉంటుంది. దాంతో తొట్టి పీహెచ్ 8.2 నుంచి 7.8 దాకా పడిపోతుంది. స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని లాగే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెడితే చాలావరకు తేరుకుంటుంది. ఇంకో మాట. ఏసీలోంచి కారే నీళ్ళు స్వచ్ఛమైనవే కదా అని తొట్టిలో పోయాలనిపిస్తుంది. పోయకండి. లోపలి రాగి గొట్టాల మీదుగా జారి వచ్చిన నీళ్ళవి. చేపలు తట్టుకునేంత రాగి కూడా పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం.

కరెంటు లెక్క చూస్తే ఫ్యాన్లకు రోజుకు అర యూనిట్. చిల్లర్ మేలో పది పన్నెండు గంటలు నడిస్తే అయిదు యూనిట్లు, అంటే తమిళనాడులో రెండు నెలల బిల్లు మీద 300 యూనిట్ల దాకా. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ పగలూ రాత్రీ నడిస్తే 500 నుంచి 700 యూనిట్లు. అక్కడ 500 యూనిట్లు దాటగానే స్లాబు రేట్లే మారిపోతాయి కాబట్టి తొట్టి కోసమే రోజంతా ఏసీ నడపడం నాకు సబబు అనిపించదు. రాత్రి ఎలాగూ మనుషుల కోసం నడిచే గది అయితే అది వేరే లెక్క.

కరెంటు పోతే? ఇంట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ చిల్లర్‌ను మోయలేదు. మోయనక్కర్లేదు కూడా, 800 లీటర్ల నీరు గంటా రెండు గంటల్లో వేడెక్కదు. ఆ సమయంలో ముఖ్యం నీటి కదలిక. సంప్ నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు, ఒక ఫ్యాను, బ్యాటరీ ఎయిర్ పంపు నడిస్తే చాలు. 2016 డిసెంబరు వర్దా తుఫానప్పుడు, 2023 డిసెంబరు మిచౌంగ్ అప్పుడు చెన్నైలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తొట్టికి వేడి కంటే ఆక్సిజన్ కొరతే పెద్ద ముప్పు.

ఇప్పుడు సున్నం దగ్గరికి వద్దాం. పగడం ఎముక కట్టుకునేటప్పుడు నీటిలోంచి కాల్షియం, ఆల్కలినిటీ ఒకే నిష్పత్తిలో తీసుకుంటుంది: 20 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 20 పాళ్ళు) కాల్షియానికి 2.8 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం). సముద్రంలో కాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ 7 డీకేహెచ్, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటాయి. తొట్టిలో ఆల్కలినిటీ 8 నుంచి 9 మధ్య నిలకడగా ఉంటే మంచిది. నిలకడ అనే మాట దగ్గర గట్టిగా ఉంటాను. 7.5లో కదలకుండా ఉన్న తొట్టి, 8కీ 10కీ మధ్య ఊగే తొట్టి కంటే వెయ్యి రెట్లు మేలు.

సున్నపు తేట ఈ రెండిటినీ సరిగ్గా పగడం తినే నిష్పత్తిలోనే ఇస్తుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్‌వో నీళ్ళలో కలిపి, పాలలా ఉన్న నీళ్ళు తేరుకునే దాకా ఆగి, అడుగు గసి కదలకుండా పైన తేటనే టాప్ ఆఫ్ నీళ్ళగా పంపాలి. పైన పల్చటి పొర తేలుతుంది, దాంతో నష్టం లేదు. గొట్టం మూతి మాత్రం గసికి బెత్తెడు పైనుండాలి. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కనుక ఏసీ గదిలో పడిపోయిన పీహెచ్‌ను కూడా అదే లేపుతుంది. కానీ రోజుకు ఎంత నీరు ఆవిరైతే అంతే తేట ఇవ్వగలం. ఇంక పొడి కరగనంత చిక్కటి తేట అయితే మన 800 లీటర్ల తొట్టిలో రోజుకు 3 లీటర్లతో 0.4 డీకేహెచ్, 8 లీటర్లతో 1.1, 12 లీటర్లతో 1.7 వస్తుంది.

ఇక్కడే చల్లదనం లెక్కా సున్నం లెక్కా కలుస్తాయి. ఉక్క గాలిలో, చిల్లర్ ఉన్న చెన్నై హాల్లో ఆవిరి తక్కువ, కాబట్టి సున్నపు ఎముక కట్టే రాతి పగడాలు పెరిగే కొద్దీ తేట చాలదు. కిటికీలు తెరిచి ఉంటాయి కనుక పీహెచ్ బాధ కూడా లేదు. అక్కడ రెండు డబ్బాల డోసింగే సరి, ఒకదాంట్లో కాల్షియం క్లోరైడ్, ఇంకోదాంట్లో సోడియం కార్బొనేటో తినే సోడానో. రెండూ ఒకేసారి ఒకేచోట పడితే నీటిలో సున్నం మంచులా విరిగిపోతుంది, కాబట్టి గంటల తేడాతో పోయాలి. కాల్షియం క్లోరైడ్ చెన్నై గాలికి ఊరికే చెమరుస్తుంది. మూత సరిగా పెట్టకపోతే పలుకులన్నీ ముద్దై నీరు కారుతాయి, ఆ తడితో తూచిన తూకం తప్పుతుంది. కొన్న రోజే మొత్తం కరిగించి సీసాల్లో పెట్టుకోవడం నయం. ఈ పద్ధతిలో ఉప్పు మెల్లగా పేరుకుంటుంది, నెలనెలా కొంత నీరు మార్చాలి. బెంగళూరు ఫ్యాన్ల తొట్టికీ చెన్నై ఏసీ గది తొట్టికీ ఆవిరి దండిగా ఉంటుంది. అక్కడ తేటతోనే మొదలుపెట్టి, చాలని మేరకే డోసింగ్ కలపండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో నడిచే కాల్షియం రియాక్టరు (సున్నపు రాతిని మెల్లగా కరిగించి ఇచ్చే పరికరం) ఇంతకంటే పెద్ద తొట్టెలకు, నిండా రాతి పగడాలున్న వాటికి. మూసిన ఏసీ గదిలో అయితే వద్దంటాను, పీహెచ్‌ను ఇంకా కిందికి లాగుతుంది.

పక్కనే సముద్రం ఉంది కదా, ఉప్పు పొడి ఎందుకు అని కొందరు చెన్నై దగ్గరి కోవళం వైపు డబ్బాలతో వెళతారు. ఈశాన్య రుతుపవనాల తరువాత ఈ తీరంలో ఉప్పదనం 30 లోపుకు పడిపోవడం మామూలే. 2017లోనూ 2023లోనూ ఎన్నూరు దగ్గర నూనె తేలింది. ఉప్పు పొడి ఖర్చే అయినా దానికే నా ఓటు. పగడాల విషయమూ అంతే. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. చెన్నై కొళత్తూరు అక్వేరియం బజారులో ఎవరు ఏమి చూపించినా, దిగుమతి కాగితాలు లేనిదే కొనకండి.

తేట వాడేవాళ్ళకు ఇంకొక్క మాట. 25 లీటర్ల డ్రమ్ములో తేట నింపి టాప్ ఆఫ్‌కు తగిలించి ఊరెళ్ళకండి. ఫ్లోటు స్విచ్చి (నీటి మట్టాన్ని బట్టి టాప్ ఆఫ్‌ను నడిపి ఆపేది) మీద నత్త ఎక్కి కూర్చున్నా చాలు, డ్రమ్మంతా ఒకేసారి పడి ఆల్కలినిటీ మూడున్నర డీకేహెచ్ ఎగబాకుతుంది, పీహెచ్ దానితోపాటే. తేట డబ్బాలో ఒక రోజు ఆవిరికి సరిపడేంతే ఉంచండి, మిగతా మంచినీరు వేరే డ్రమ్ములో పెట్టుకుని రోజూ చేత్తో కలుపుకోండి. ఇంట్లో లేని రోజుల్లో తేట ఆపేసి, ఉత్త ఆర్‌వో నీళ్ళే పోనివ్వండి.