బీర్వాలో ఇర్విన్ వాళ్ళ జూ

బ్రిస్బేన్‌కి ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, బీర్వా అనే చిన్న ఊరి పక్కన ఉంది 'ఆస్ట్రేలియా జూ' అనే జంతు ప్రదర్శనశాల. రైల్లో వెళ్తే దాదాపు ఉచితమే. క్వీన్స్‌లాండ్‌లో 2024 ఆగస్టు నుంచి టికెట్ 50 సెంట్లే. కాకపోతే ఆ లైన్లో రైళ్ళు తక్కువ. పెద్దవాళ్ళతో వెళ్తూ తిరుగు రైలు గురించి టెన్షన్ పడటం ఎందుకని బావగారు కారు తీశారు.

ముందు రాత్రి సన్‌షైన్ కోస్ట్‌లో ఒక మోటెల్‌లో దిగాం. ఫొటోల్లో సముద్రం ఉంది, మా కిటికీలోంచి పార్కింగ్ మాత్రమే కనిపించింది. ఏసీ చప్పుడుకి ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. జూ వాళ్ళకే సొంత లాడ్జి ఉంది కానీ దాని ధర చూసి అక్క ఫోన్ పక్కన పెట్టేసింది. నన్నడిగితే బ్రిస్బేన్‌లోనే పడుకుని తెల్లారి బయల్దేరడం మేలు. ఎలాగూ గంట, గంటంబావు ప్రయాణమే.

యానిమల్ ప్లానెట్‌లో ఖాకీ నిక్కరేసుకుని మొసళ్ళ మీదకి దూకే స్టీవ్ ఇర్విన్ మనలో చాలామందికి గుర్తే. ఈ జూని మొదలుపెట్టింది మాత్రం ఆయన కాదు, ఆయన తల్లిదండ్రులు. తండ్రి బాబ్ ప్లంబర్, తల్లి లిన్ నర్సు. విక్టోరియా నుంచి వచ్చి 1970లో చిన్న స్థలంలో 'బీర్వా రెప్టైల్ అండ్ ఫానా పార్క్' పెట్టారు. తల్లి చనిపోయిన కంగారూ పిల్లల్ని లిన్ సంచుల్లో పెట్టి ఇంట్లోనే పెంచేది. స్టీవ్‌కి ఆరో పుట్టినరోజు కానుకగా కొండచిలువని ఇచ్చారట! 1980లలో జనావాసాల దగ్గరికి వచ్చే మొసళ్ళని కాల్చేయకుండా పట్టి తరలించే పనిలో తండ్రీ కొడుకులు ప్రభుత్వంతో కలిసి తిరిగారు. అలా పట్టిన వాటిలో కొన్ని ఈ పార్కుకే చేరాయి.

1991లో నిర్వహణ స్టీవ్ చేతికొచ్చింది. ఆ ఏడాదే అమెరికా నుంచి వచ్చిన టెర్రీ పరిచయమైంది, మరుసటి ఏడాది పెళ్ళి. హనీమూన్‌కని వెళ్ళి మొసళ్ళు పట్టారు. ఆ వీడియోనే టీవీ కార్యక్రమానికి మొదటి భాగం. టీవీలో వచ్చిన డబ్బు మళ్ళీ జూలోకే వెళ్ళింది. 1998లో ఇప్పటి పేరు పెట్టారు. 2006 సెప్టెంబరులో స్టింగ్‌రే అనే చేప తోక ముల్లు గుచ్చుకుని స్టీవ్ చనిపోయాక టెర్రీ, పిల్లలు బిండీ, రాబర్ట్ నడుపుతున్నారు. ఉండేది కూడా ఆ ఆవరణలోనే. అది విని అమ్మ, "అయితే వీళ్ళకి ఇల్లూ జూ ఒకటేనన్నమాట" అంది.

మధ్యాహ్నం క్రోకోసియంలో షో బాగుంది. సుమారు 5,000 మంది పట్టే స్టేడియం అది. మొసలి నీళ్ళలోంచి నిటారుగా లేచినప్పుడు అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. అయితే ఎటు చూసినా ఇర్విన్ల నిలువెత్తు ఫొటోలు, బొమ్మలు, టీషర్టులు. కాసేపటికి అభిమాన సంఘం ఆఫీసులో తిరుగుతున్నట్టనిపించింది.

నాకు నచ్చింది పక్కనే ఉన్న వన్యప్రాణుల ఆసుపత్రి. 2004లో పాత అవకాడో ప్యాకింగ్ షెడ్డులో, లిన్ జ్ఞాపకంగా మొదలుపెట్టారు. 2008లో కొత్త భవనం కట్టారు. ఇప్పటికి లక్షకు పైగా ప్రాణులకి వైద్యం చేశారు. కార్లు గుద్దినవి, కుక్కలు కరిచినవి, కళ్ళ జబ్బుతో వచ్చే కోలాలు. షోకి వెళ్ళినవాళ్ళలో సగం మంది కూడా ఇటు రావడం లేదు.

తిండి విషయానికొస్తే బర్గర్లు, చిప్స్. శాకాహారులకి ఎంపిక తక్కువ. అక్క తెచ్చిన పులిహోర చెట్ల కింద కూర్చుని తిన్నాం. నడక చాలా ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకి వీల్‌చైర్ గురించి ముందే అడిగి పెట్టుకోండి.

గోల్డ్ కోస్ట్ వైపు వెళ్ళేవాళ్ళకి కరంబిన్ అనే వన్యప్రాణుల పార్కు కూడా ఉంది. 1947లో అలెక్స్ గ్రిఫిత్స్ అనే తేనెటీగల పెంపకందారు తన పూలతోటని పాడుచేస్తున్న లోరికీట్ చిలకలకి మేత పెట్టడంతో మొదలైన చోటు. ఆయన దాన్ని తర్వాత వారసత్వ స్థలాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి ఇచ్చేశారు. హడావుడి తక్కువ, నీడ ఎక్కువ. చిన్నపిల్లలుంటే బీర్వాకే వెళ్ళండి. అమ్మలాంటివాళ్ళని తీసుకెళ్ళాలంటే మాత్రం నా ఓటు కరంబిన్‌కే.