తాళాలు తీసుకునే ముందు ఫ్లాట్ తనిఖీ: ఈ సర్వీసు ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో నార్సింగి, కొండాపూర్ వైపు కొత్త ఫ్లాట్లకు చేసే ఈ తనిఖీలో అన్నిటికన్నా విలువైనది బాత్రూం పరీక్ష. ట్రాప్ (నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి, 24 గంటలు వదిలేస్తారు. మర్నాడు కింది ఫ్లాట్ సీలింగుకు, పక్క గది గోడ అడుగుకు చెమ్మ మీటరు పెడతారు. స్లాబును పైపు దాటే చోట, మూలల్లో వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా పట్టకపోతే అక్కడే మరక తేలుతుంది. ఒక్క రోజులో ముగించేస్తామనే వాళ్లను పిలవకండి. ఈ పరీక్షకు రెండోసారి రావాల్సిందే.

టైల్స్‌ను నాణెంతో తట్టి, గుల్ల శబ్దం వస్తే చాక్‌పీస్‌తో గుర్తు పెడతారు. నాలుగు మూలలకూ సిమెంటు ముద్ద అందకుండా మధ్యలోనే వేసి అతికించినవే ఎక్కువగా ఇలా మోగుతాయి. బ్లాకు గోడ, పిల్లర్ కలిసే చోట నిలువు పగులు ఉంటే, ప్లాస్టరింగుకు ముందు చికెన్ మెష్ (పగుళ్లు రాకుండా కొట్టే సన్నటి ఇనుప వల) కొట్టారా అని బిల్డర్‌ను అడగండి. కరెంటు పనిలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), ఎర్తింగ్ చూస్తారు, బాగానే చూస్తారు.

మెటీరియల్ విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోలేం. ప్లాస్టర్ వెనక కడ్డీ ఏ రకమో కంటికి కనిపించదు. ఐఎస్ 1786 (కాంక్రీటులో వాడే ఉక్కు కడ్డీల భారత ప్రమాణం) కడ్డీకి మిల్లు టెస్ట్ సర్టిఫికెట్, కాంక్రీటుకు 28 రోజుల క్యూబ్ రిపోర్టులు (పోసిన 28 రోజులకు కాంక్రీటు దిమ్మల బలం పరీక్షించినవి) బిల్డర్‌నే అడిగి తీసుకోవాలి.

రిపోర్టులో ప్రతి లోపానికీ ఫొటో, తేదీ ఉండాలి. పొజెషన్ తర్వాత 5 ఏళ్లలోపు లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. రాతపూర్వకంగా పంపి, అందినట్టు సంతకం తీసుకోండి.